క్షయ రహస్యాన్ని ఛేదించిన రాబర్ట్ కోచ్

మానవజాతిని యుగయుగాలుగా పీడించిన వ్యాధులలో క్షయకు అగ్రస్థానం ఉన్నది. మన ఆయుర్వేద వైద్యులు దానిని రాజయక్ష్మమన్నారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో తపేదిఖ్ అన్నారు. వేయేళ్ళ క్రితమే ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథంలో దీనిని అంటువ్యాధిగా గుర్తించాడు. అయితే ఈ పేర్లన్నీ దగ్గుతో, జ్వరంతో, రక్తం పడటంతో మనిషిని శుష్కింపజేసే ఊపిరితిత్తుల జబ్బుకే ఎక్కువగా వర్తించాయి. మెడ చుట్టూ దండగ్రుచ్చినట్లు లేచే గడ్డలను మనవారు గండమాల అని వేరే పేరుతో పిలిచారు. యూనానీ వైద్యులు ఖనాజీర్ అన్నారు. వెన్ను వంగితే గూని అన్నారు. పసిబిడ్డకు జ్వరమూ మూర్ఛా వచ్చి స్పృహ తప్పితే దయ్యం సోకిందన్నారు. ఇన్ని పేర్ల చాటున, ఇన్ని రూపాల వెనుక, అనేక సందర్భాలలో ఒకే శత్రువు దాగి ఉన్నదని కంటికి కనిపించే సాక్ష్యంతో నిరూపించిన మహావైద్యుడు రాబర్ట్ కోచ్.

ఆయన జీవితాన్ని మన విద్యార్థులు తెలుసుకోవలసిన అవసరం వేరే ఉన్నది. మన నంబులపూలకుంట, కదిరి ప్రాంతాల పల్లెలలో ఈనాటికీ మెడ మీద గడ్డ లేస్తే ముందుగా పసరు పూసేవారు, వాత పెట్టించేవారు, తాయెత్తు కట్టించేవారు ఉన్నారు. దగ్గు లేదు కనుక క్షయ కాదని ధైర్యం చెప్పుకొనేవారూ ఉన్నారు. ఆ ధైర్యం ఎంత ప్రమాదకరమైనదో కోచ్ నూటనలభై ఏళ్ళకు పూర్వమే లోకానికి తెలియజేశాడు.

రాబర్ట్ కోచ్ 1843 డిసెంబరు 11న జర్మనీలోని హార్ట్జ్ పర్వతాల నడుమ ఉన్న క్లౌస్టాల్ అనే గనుల పట్టణంలో జన్మించాడు. తండ్రి గనుల శాఖలో ఉద్యోగి. పెద్ద సంసారం, పదముగ్గురు సంతానంలో కోచ్ మూడవవాడు. ఐదవ ఏటనే ఇంటికి వచ్చే వార్తాపత్రికల సాయంతో తనంతట తానే చదవడం నేర్చుకొని తల్లిదండ్రులను ఆశ్చర్యపరిచాడని చెబుతారు. 1862లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఆయనకు లభించిన గురువులలో జాకబ్ హెన్లే ముఖ్యుడు. అంటువ్యాధులకు కారణం కంటికి కనిపించని జీవులే కావచ్చునని హెన్లే 1840లోనే వాదించాడు. కాని నిరూపించే సాధనాలు ఆయన కాలంలో లేవు. గురువు ఊహించిన దానిని శిష్యుడు నిరూపించవలసి వచ్చింది.

1866లో వైద్యపట్టం పుచ్చుకొన్న కోచ్, మరుసటి సంవత్సరం ఎమ్మీ ఫ్రాట్జ్‌ను వివాహమాడాడు. దూరదేశాలు తిరగాలన్న కోరికను చంపుకొని చిన్న చిన్న ఊళ్ళలో వైద్యం చేస్తూ బ్రతుకు సాగించాడు. 1870లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడు సైన్యంలో వైద్యసేవ చేశాడు. 1872లో వోల్‌స్టైన్ అనే మారుమూల పట్టణానికి జిల్లా వైద్యాధికారిగా నియమితుడయ్యాడు. అది నేడు పోలండు దేశంలో ఉన్నది. విశ్వవిద్యాలయం లేదు, గ్రంథాలయం లేదు, తోటి శాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు. రోగులను చూచే గదినే ఒక తెర కట్టి రెండు భాగాలు చేసి, ఆ తెర వెనుకనే తన ప్రయోగశాలను ఏర్పరచుకొన్నాడు. భార్య కొని ఇచ్చిన సూక్ష్మదర్శినే ఆయన ప్రధాన సంపద.

ఆ జిల్లాలో పశువులు, గొర్రెలు దొమ్మ రోగంతో విరివిగా చనిపోయేవి. ఆ రోగగ్రస్తమైన రక్తంలో పుల్లలవంటి సూక్ష్మజీవులున్నట్లు ఇతరులు అప్పటికే చూచారు. కాని అవే వ్యాధికి కారణమా, లేక వ్యాధి ఫలితమా అన్నది తేలలేదు. కోచ్ సన్నని చెక్కపుల్లల మొనలతో ఆ రక్తాన్ని చిట్టెలుకలలోనికి ఎక్కించాడు. ఒక ఎలుక నుండి మరొక ఎలుకకు, దాని నుండి ఇంకొక దానికి వ్యాధిని సంక్రమింపజేసి, ప్రతిసారీ అవే జీవులను కనుగొన్నాడు. జీవి వెలుపల వాటిని పెంచి, అవి బీజరూపం ధరించి మట్టిలో చాలాకాలం నిలిచి ఉండగలవని చూపాడు. 1876లో బ్రెస్లౌ నగరంలోని ఆచార్య ఫెర్డినాండ్ కోన్ ఎదుట ఈ ప్రయోగాలను చేసి చూపినప్పుడు, ఒక పల్లెటూరి వైద్యుడు ఇంతటి పని ఒంటరిగా చేశాడని పండితులు విస్మయం చెందారు.

ఆ కీర్తి 1880లో ఆయనను బెర్లిన్‌లోని సామ్రాజ్య ఆరోగ్య కార్యాలయానికి చేర్చింది. లోఫ్లర్, గాఫ్కీ వంటి సమర్థులైన సహాయకులు అక్కడ ఆయనకు తోడైనారు. వేర్వేరు సూక్ష్మజీవులను కలగాపులగం కాకుండా విడివిడిగా పెంచడమెట్లా అన్నది ఆనాటి పెద్ద సమస్య. ఉడికిన బంగాళాదుంప ముక్కల మీద, గడ్డకట్టిన జెలటిన్ మీద వాటిని పెంచే పద్ధతిని కోచ్ అభివృద్ధి చేశాడు. వేడికి జెలటిన్ కరిగిపోతూ ఉంటే, వంటింట్లో వాడుకొనే అగర్ అనే పదార్థాన్ని ఉపయోగించి చూడమని సూచించినది ఆయన శిష్యుడైన హెస్సె భార్య ఫానీ. నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో అగర్‌నే వాడుతున్నారు. వంటింటి అనుభవం విజ్ఞానశాస్త్రానికి ఎట్లా ఉపకరిస్తుందో మన విద్యార్థినులు ఇక్కడ గమనింతురు గాక.

1881 ఆగస్టులో కోచ్ క్షయను చేపట్టాడు. ఐరోపాలో మానవ మరణాలలో ఏడింట ఒకటి దాని వల్లనే సంభవిస్తున్నదని ఆయన లెక్కగట్టాడు. అయినా దానిని వంశపారంపర్యమని కొందరు, పోషణలోపమని కొందరు భావించేవారు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు విల్మాన్ 1865లోనే క్షయను కుందేళ్ళకు సంక్రమింపజేసి చూపినా ఆ మాటను లెక్కచేసినవారు తక్కువ. మరొక వివాదం కూడా ఉన్నది. శరీరంలో ఎక్కడ కనిపించినా క్షయ ఒకటేనని పూర్వం లెనెక్ పండితుడు అభిప్రాయపడ్డాడు. కాని జర్మనీ వైద్యరంగంలో ఎదురులేని పెద్దగా వెలిగిన విర్కో, గండమాల వేరు, క్షయ వేరు అని వాదించాడు. పెద్దల మాటకు ఎదురు చెప్పాలంటే మాటలు చాలవు, సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం దొరకడం సులభం కాలేదు. క్షయక్రిమి మిక్కిలి సన్ననిది. దాని దేహాన్ని మైనం వంటి పొర కప్పి ఉన్నందున మామూలు రంగులు దానికి అంటవు. కోచ్ మిథిలీన్ బ్లూ అనే నీలిరంగులో క్షారం కలిపి, నమూనాను అందులో ఇరవైనాలుగు గంటలు ఉంచాడు. తర్వాత వెసువిన్ అనే గోధుమరంగుతో కడిగాడు. చుట్టూ ఉన్న కణజాలమంతా గోధుమరంగుకు మారగా, సన్నని పుల్లలవంటి నీలిక్రిములు మాత్రం స్పష్టంగా కనిపించాయి. కాని చూడటంతో ఆయన తృప్తిచెందలేదు. వాటిని దేహం వెలుపల పెంచాలి. రక్తరసిని వేడితో గట్టిపరచి, మానవదేహమంత వెచ్చదనంలో ఉంచి, వేచి చూచాడు. ఇతర క్రిములు ఒక్క రోజులో పెరిగేవి. ఇవి మాత్రం రెండవ వారం వచ్చేదాకా కంటికి ఆనలేదు. అంతకాలం ఓపికపట్టకుండా పారవేసి ఉంటే ఈ చరిత్ర వేరుగా ఉండేది. అట్లా పెంచిన క్రిములను గినీపందులకు ఎక్కించగా వాటికి క్షయ వచ్చింది.

1882 మార్చి 24వ తేదీ సాయంకాలం బెర్లిన్ శరీరధర్మశాస్త్ర సంఘంలో కోచ్ తన పరిశోధనను వెల్లడించాడు. ఆయన గొప్ప వక్త కాడు. మెల్లగా, తడబడుతూ మాట్లాడేవాడు. కాని బల్లమీద పరచిన నమూనాలు ఆయనకు బదులుగా మాట్లాడాయి. వాటిలో ఊపిరితిత్తుల ముక్కలు మాత్రమే లేవు. మెదడులోని క్షయగ్రంథులున్నాయి, పేగులున్నాయి, గండమాల సోకిన మెడగ్రంథులున్నాయి, వాచిన కీళ్ళున్నాయి. అన్నిటిలోనూ ఆ నీలిక్రిమే కనిపించింది. ఉపన్యాసం ముగిసిన తరువాత చర్చించటానికి ఎవరూ లేవలేదని చెబుతారు. ఆ సభలో ఉన్న పాల్ ఎర్లిక్ అనే యువశాస్త్రజ్ఞుడు ఆ రంగుల పద్ధతిని కొద్దికాలంలోనే మెరుగుపరిచాడు. ఆపైన జీల్, నీల్సన్ అనువారు దానిని సవరించారు. కఫపరీక్షలో ఆ పద్ధతిని ప్రపంచమంతటా నూరేళ్ళకు పైగా అనుసరించారు. మార్చి 24ను నేడు ప్రపంచ క్షయదినంగా పాటించడం ఆ సాయంకాలాన్ని పురస్కరించుకొనియే.

కోచ్ కనుగొన్నది కేవలం ఒక క్రిమిని కాదు. దూరదూరంగా ఉన్న బాధలను ఒకే తాటిమీదికి తెచ్చాడు. గూనివాడు, గండమాల పిల్లవాడు, దగ్గే తండ్రి ఒకే వ్యాధికి గురి అయి ఉండవచ్చునని తెలిసిన తరువాతనే వారందరికీ ఒకే మార్గంలో చికిత్స వెతకడం సాధ్యమైంది.

ఆ మరుసటి సంవత్సరం కలరా ప్రబలగా కోచ్ ఈజిప్టుకూ, అక్కడినుండి మన దేశంలోని కలకత్తాకూ వచ్చాడు. 1884 ఆరంభంలో కలరా క్రిమిని నిర్ధారించి, జనం వాడుకొనే చెరువునీటిలో కూడా దానిని గుర్తించాడు. 1885లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. అప్పటికి ఆయన వయస్సు నలభైయొక్క ఏళ్ళే. లోకమంతా ఆయన నుండి తరువాతి అద్భుతం కోసం ఎదురుచూచింది.

ఆ ఎదురుచూపే ఆయనను తప్పుదారి పట్టించింది. 1890 ఆగస్టులో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో, గినీపందులలో క్షయను అరికట్టే పదార్థం తనకు దొరికిందని కోచ్ ప్రకటించాడు. నవంబరులో మానవులమీద చేసిన ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. క్షయకు మందు దొరికిందని లోకం సంబరపడింది. రైళ్ళనిండా రోగులు బెర్లిన్‌కు తరలివచ్చారు. ఆ మందు ఏమిటో, ఎట్లా తయారైందో మాత్రం కోచ్ చాలాకాలం చెప్పలేదు. క్రమంగా నిజం బయటపడింది. కొందరికి ఉపశమనం కలిగినట్లు తోచినా అనేకులకు వ్యాధి ముదిరింది, కొందరు మరణించారు. విర్కో శవపరీక్షలు చేసి, మందు పుచ్చుకొన్నవారిలో క్షయ కొత్తచోట్లకు పాకిందని చూపాడు. ట్యూబర్‌క్యులిన్ అనే ఆ పదార్థం క్షయక్రిముల సారమేనని 1891లో వెల్లడైంది. దొమ్మ రోగం విషయంలో, క్షయక్రిమి విషయంలో ప్రతి అడుగుకూ రుజువు కోరిన మనిషి, ఈ ఒక్క విషయంలో రుజువుకంటె ముందు నడిచాడు. మూల్యం చెల్లించినది రోగులు.

విధివిలాసమేమంటే, మందుగా విఫలమైన ట్యూబర్‌క్యులిన్ పరీక్షగా సఫలమైంది. చర్మంలోనికి దానిని కొద్దిగా ఎక్కిస్తే, క్షయక్రిమి సోకినవారిలో ఆ చోటు వాస్తుంది. 1907లో పిర్కే, 1908లో మాంటూ ఈ పరీక్షను రూపొందించారు. అది నేటికీ వాడుకలో ఉన్నది.

1901లో లండన్ మహాసభలో కోచ్ మరొక పొరపాటు చేశాడు. పశువుల క్షయ మనుషులకు ముఖ్యమైన ముప్పు కాదని, పాల విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు అనవసరమని అభిప్రాయపడ్డాడు. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన సంఘం పదేళ్ళు పరిశోధించి, కాచని పాల ద్వారా పశువుల క్షయ పిల్లలకు వస్తుందని, ముఖ్యంగా మెడగ్రంథులకూ పేగులకూ సోకుతుందని తేల్చింది. గండమాలను క్షయతో జోడించిన వైద్యుడే ఆ గండమాల వచ్చే ఒక ప్రధానమార్గాన్ని తక్కువగా అంచనా వేశాడు. పాలు కాచి త్రాగే మన పెద్దల అలవాటు ఎంత విలువైనదో దీనినిబట్టి గ్రహించవచ్చు.

1905లో క్షయపై చేసిన పరిశోధనలకు ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. ప్లేగు పరిశోధనకు బొంబాయికీ, ఇతర వ్యాధుల కోసం ఆఫ్రికాకూ ప్రయాణించి, యౌవనంలో అణచుకొన్న దేశాటన కోరికను తీర్చుకొన్నాడు. 1910 మే 27న బాడెన్‌బాడెన్‌లో గుండెజబ్బుతో కన్నుమూశాడు. ఆయన చితాభస్మాన్ని బెర్లిన్‌లో ఆయన నెలకొల్పిన పరిశోధనాలయంలోనే భద్రపరిచారు.

ఆయన మరణించిన కొద్ది ఏళ్ళకే ఆ విజ్ఞానం మన ముంగిటికి వచ్చింది. మనకు దక్షిణాన ఉన్న మదనపల్లె సమీపంలో, డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ నాయకత్వాన క్షయ చికిత్సాలయం నెలకొన్నది. ఆ చోటికి ఆరోగ్యవరమన్న చక్కని తెలుగు పేరు స్థిరపడింది. మందులు లేని ఆ కాలంలో మంచిగాలి, విశ్రాంతి, పౌష్టికాహారమే చికిత్స. 1950–55 మధ్య యోహానెస్ ఫ్రిమొట్ మోలర్ ఆ పరిసర పల్లెలలో క్షయ వ్యాప్తిని గురించి జరిపిన సర్వే ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రచురణలో వెలువడి ప్రసిద్ధి పొందింది. మన పొరుగు గ్రామీణులు ఆ విధంగా ప్రపంచ వైద్యవిజ్ఞానానికి తోడ్పడ్డారు.

ఇక మన కాలానికి వద్దాం. కోచ్ ఊపిరితిత్తుల వెలుపలి క్షయను గుర్తించే మార్గం చూపినా, ఆ మార్గం చాలాకాలం కష్టతరంగానే ఉండిపోయింది. ఊపిరితిత్తుల రోగి కఫంలో క్రిములు లక్షలుగా ఉండవచ్చు. మెడగ్రంథిలో, వెన్నులో, మెదడు చుట్టూ ఉన్న నీటిలో అవి చాలా కొద్దిగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో కనపడాలంటే ఒక మిల్లీలీటరులో కనీసం ఐదువేల నుండి పదివేల క్రిములుండాలి. పెంచి చూద్దామంటే ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు. మెదడుపొరల క్షయ సోకిన బిడ్డ అంతకాలం ఆగలేదు. అందువల్ల వైద్యులు తరచు అనుమానంమీదనే మందులు ప్రారంభించవలసి వచ్చేది. లేదా ఎదురుచూచి ప్రాణం పోగొట్టవలసి వచ్చేది.

ఈ చిక్కును చాలావరకు తొలగించినది అణుస్థాయి పరీక్ష. ప్రతి జీవి దేహంలోనూ దాని లక్షణాలను నిర్ణయించే డిఎన్ఏ అనే పదార్థముంటుంది. క్షయక్రిమికే ప్రత్యేకమైన ఒక చిన్న డిఎన్ఏ భాగాన్ని యంత్రంలో కోట్లరెట్లు పెంచితే, కొద్దిపాటి క్రిములున్నా వాటి జాడ తెలిసిపోతుంది. జీన్ఎక్స్‌పర్ట్ అనే యంత్రం ఈ పనిని ఒక చిన్న పెట్టె వంటి కార్ట్రిజ్‌లో రెండు గంటలలోపు ముగిస్తుంది. మన ఆసుపత్రులలో దీనిని సీబీనాట్ అంటారు. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని 2010లో ఆమోదించింది. 2013లో మెదడునీటికీ, గ్రంథులకూ, ఇతర కణజాలాలకూ సిఫారసు చేసింది. ఇంకా తక్కువ క్రిములను పట్టుకోగల అల్ట్రా అనే రకం 2017లో వచ్చింది. కోచ్ రంగు పట్టించడానికే ఒక రోజు వేచి ఉన్నాడని గుర్తుచేసుకొంటే ఈ ప్రగతి విలువ తెలుస్తుంది.

అయితే కోచ్ జీవితం నేర్పిన జాగ్రత్తను ఇక్కడ మరువరాదు. ఈ పరీక్షలో క్షయ ఉన్నదని తేలితే దానిని చాలావరకు నమ్మవచ్చు. లేదని వచ్చినంత మాత్రాన క్షయ లేదని నిశ్చయించరాదు. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలో ఈ పరీక్ష తరచు క్రిమిని పట్టలేకపోతుంది. నమూనా తీయడంలోనూ మెలకువ కావాలి. గ్రంథినుండి తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో వేస్తే క్రిములను పెంచి చూచే అవకాశమే పోతుంది, ఈ పరీక్షకూ అది తగదు. అందుకోసం కొంత భాగాన్ని ఉప్పునీటి ద్రావణంలో వేరుగా ఉంచాలి. యంత్రం ఎంత గొప్పదైనా, రోగిని చూచే వైద్యుని వివేకానికి అది సహాయకారియే గాని ప్రత్యామ్నాయం కాదు.

మన దేశంలో నమోదయ్యే క్షయరోగులలో సుమారు ఐదవ వంతు మందికి వ్యాధి ఊపిరితిత్తుల వెలుపలనే ఉంటుంది. ఊపిరితిత్తులకు సోకనంతవరకు వారి నుండి సాధారణంగా ఇతరులకు అంటదు. కనుక మెడమీద గడ్డ ఉన్న ఆడపిల్లను దూరంగా కూర్చోబెట్టడం, పెళ్ళికి పనికిరాదనడం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో పరీక్షా మందులూ ఉచితం. గ్రంథుల క్షయకు సాధారణంగా ఆరునెలలు, మెదడుకూ ఎముకలకూ సోకినదానికి మరింతకాలం మందులు వాడాలి. గడ్డ తగ్గిందని మధ్యలో మానరాదు.

ప్రియ విద్యార్థులారా! మన నంబులపూలకుంట మండలంలో బీడుభూములమీద పరచిన పలకలు నేడు ఎండను విద్యుత్తుగా మారుస్తున్నాయి. విజ్ఞానం మన పొలిమేర దాటి ఇంతదూరం వచ్చింది. అది మన ఇంటిలోనికి, మన చెల్లెలి మెడమీది గడ్డదాకా రావాలంటే దారి చూపవలసినది చదువుకొన్న మీరే. రెండు వారాలకు మించి తగ్గని గడ్డను, సాయంత్రాలు వచ్చే జ్వరాన్ని, కారణం తెలియని బరువు తగ్గుదలను, వదలని వెన్నునొప్పిని చూచినప్పుడు ఇంటివారిని ఆసుపత్రికి వెంటబెట్టుకొని పొండి; క్షయ కావచ్చునేమో పరీక్షించమని వినయంగా అడగండి. తెర వెనుక ఒక్క సూక్ష్మదర్శినితో కూర్చొన్న ఆ పల్లెటూరి వైద్యుడు రుజువు దొరికేవరకు తన కన్నులను కూడా నమ్మలేదు. రుజువును విడిచిన ఒక్కసారి ఆయనంతటివాడే పొరబడ్డాడు. ఆ గెలుపునూ ఆ పొరపాటునూ రెంటినీ గుర్తుంచుకోవడమే రాబర్ట్ కోచ్‌కు మనమర్పించగల నిజమైన నివాళి.